మాత్ర వేరే అవ్వకి ఇచ్చేశాను. రిజిస్టర్‌లో రాయవద్దంటున్నారు. ఏం చేయాలి?

తిరుచానూరు సిస్టర్ | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను జీఎన్‌ఎం నర్సింగ్ చదివాను. ఆసుపత్రిలో రెండేళ్లు చేసి, ఏడు నెలల క్రితం తిరుపతి దగ్గర ఒక వృద్ధుల హోమ్‌లో చేరాను. హోమ్ పేరు చెప్పను. మొత్తం 34 మంది ఉంటారు. పొద్దున డ్యూటీలో నేనూ, ఇద్దరు ఆయాలూ.

మొన్న శుక్రవారం పొద్దున ఏడున్నరకి మాత్రలిస్తూ, ఒక అవ్వకి ఇవ్వాల్సిన షుగర్ మాత్ర, గ్లిమెపిరైడ్ 2 ఎంజీ, పక్క గదిలో అవ్వకి ఇచ్చేశాను. ఆమెకు అసలు షుగరే లేదు. ఇద్దరి పేర్లూ ‘వెంకట’తోనే మొదలవుతాయి. మన ఊళ్లో అది మామూలే, మా హోమ్‌లో అలాంటి పేర్లు ఏడు ఉన్నాయి. మాత్రలన్నీ ముందురోజు రాత్రే చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో వేసి, పైన పేరు రాసిన ప్లాస్టర్ ముక్క అంటిస్తాం. ఆ పేరు సగమే చదివాను.

తొమ్మిదిన్నరకి ఆమెకు చెమటలు, వణుకు. గ్లూకోమీటర్ పెడితే 54. మెలకువగానే ఉంది కాబట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. 15 నిమిషాలకు 78 అయింది. ఇడ్లీ తినిపించాను. అప్పుడు కప్పులన్నీ వెతికితే నా తప్పు బయటపడింది. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఆసుపత్రిలో చేర్చమన్నారు. ఒక రోజు ఉంచుకుని పంపారు. ఇప్పుడు బాగుంది. తిరిగొచ్చిన సాయంత్రం నన్ను చూసి “ఏమ్మా, అన్నం తిన్నావా” అని అడిగింది. ఇక ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇది రిజిస్టర్‌లో రాయవద్దు, వాళ్లమ్మాయికి చెప్పవద్దు, ‘షుగర్ పడిపోయింది’ అంటే చాలు అని మా యాజమాన్యం వాళ్లు చెప్పారు. డాక్టర్ గారికి మాత్రం నేను ఫోన్లోనే ఉన్నదున్నట్టు చెప్పేశాను. మిగిలినదానికి ఏం చేయాలో తెలియడం లేదు. మూడు రాత్రులుగా నిద్ర లేదు.

పాత స్టాఫ్‌నర్సు | సోమవారం, రాత్రి 11:25

తల్లీ, ముందు ఒక మాట. డాక్టర్‌కి నిజం చెప్పావు చూడు, ఆ అవ్వను కాపాడింది అదే. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది, పెద్దవాళ్లలో కిడ్నీలు సరిగా లేకపోతే ఇంకా ఎక్కువ. కారణం తెలియకపోతే షుగర్ 78 వచ్చింది కదా అని మధ్యాహ్నానికే పంపేసేవాళ్లు. రాత్రి నిద్రలో మళ్లీ పడిపోయి ఉంటే ఎవరు చూస్తారు?

రాయడం గురించి. రేపే రాయి. శుక్రవారం తేదీ వేసి వెనక్కి ఇరికించవద్దు. రేపటి తేదీ, టైము వేసి ‘ఆలస్యంగా నమోదు చేస్తున్నాను’ అని మొదటి వాక్యంలోనే రాయి. ఏ మాత్ర, ఎన్ని ఎంజీ, ఎన్ని గంటలకు, ఎవరికి ఇవ్వాల్సింది ఎవరికి వెళ్లింది, షుగర్ రీడింగులు, ఏం ఇచ్చావు, డాక్టర్‌కి ఎన్నింటికి చెప్పావు. అంతే. క్షమాపణ, ఎవరెవరు ఏమన్నారు, అవన్నీ అందులో వద్దు. ఇంకో అవ్వ సంగతి కూడా రాయాలి, ఆమెకు ఆ రోజు గ్లిమెపిరైడ్ అందలేదు కదా. ఆమె షుగర్ చూశారా?

తిరుచానూరు సిస్టర్ | సోమవారం, రాత్రి 11:31

మేడమ్, ఆమె గురించి ఆ గందరగోళంలో మధ్యాహ్నం దాకా ఎవరికీ గుర్తు రాలేదు. మూడింటికి చూస్తే 286.

హోమ్ నడిపేవాడిని | మంగళవారం, ఉదయం 6:15

నేను చంద్రగిరి వైపు 22 మందితో చిన్న హోమ్ నడుపుతున్నాను. ఆ యాజమాన్యాన్ని వెనకేసుకు రావడం లేదు గానీ, మా వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. నర్సులు దొరకడం లేదు. దొరికినవాళ్లు ఆరు నెలలుండి చెన్నైకో, వేలూరుకో, గల్ఫ్‌కో వెళ్లిపోతారు. రాసి పెట్టుకుంటే రేపు అదే కాగితం మా మెడకు చుట్టుకుంటుంది. కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో పడితే రెండు రోజుల్లో గదులు ఖాళీ అవుతాయి. అవ్వకి ఏమీ కాలేదు కదా. ఆ అమ్మాయిని జాగ్రత్తగా ఉండమని చెప్పి వదిలేయడం మంచిది కాదా?

బెంగళూరు కొడుకు | మంగళవారం, ఉదయం 9:50

అన్నా, గదులు ఖాళీ అయ్యేది తప్పు జరిగినందుకు కాదు. మా సంగతి చెబుతాను.

మా అమ్మ మూడేళ్లుగా చిత్తూరులో ఒక హోమ్‌లో ఉంది. వేలూరులో చూపించినప్పుడు బీపీ మాత్ర మార్చారు. అక్కడి కాగితం మీద మందు అసలు పేరు ఉంది, టెల్మిసార్టాన్ 40. నేను జనౌషధిలో అదే పేరున్న స్ట్రిప్పులు కొని ఇచ్చి వచ్చాను. హోమ్‌లో పాత స్ట్రిప్పులు ఇంకా 20 రోజులకు ఉన్నాయి, వాటి మీద కంపెనీ పేరు. రెండూ ఒకటే మందని ఎవరూ గమనించలేదు. అమ్మకి పొద్దునొకటి, రాత్రొకటి వేశారు. తొమ్మిదో రోజు బాత్‌రూమ్‌లో కళ్లు తిరిగి పడింది, మణికట్టు విరిగింది.

నాకు చెప్పింది ‘కాలు జారింది’ అని. మూడు వారాల తర్వాత ఒక ఆయా నోరు జారితే తెలిసింది. అందులో నా తప్పు కూడా ఉంది. పాతవి ఆపేయమని నేను చెప్పలేదు, పాత స్ట్రిప్పులు వెనక్కి తీసుకోలేదు. ఆ రోజే చెప్పి ఉంటే ఇద్దరం కూర్చుని సరిచేసుకునేవాళ్లం. ‘కాలు జారింది’ అన్న మాట వల్లే నేను అమ్మను అక్కడి నుంచి తీసుకొచ్చేశాను.

మందుల షాపు, చిత్తూరు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

బెంగళూరు అన్న చెప్పింది నా కౌంటర్ దగ్గర వారానికొకసారి చూస్తాను. ఒకే మందు రెండు పేర్లతో. డోలో, కాల్‌పాల్ రెండూ పారాసెటమాలే అని చాలామందికి తెలియదు, జ్వరానికి ఒకటి, నొప్పులకు ఒకటి వేసుకుంటారు. అందుకే చార్టులో కంపెనీ పేరు పక్కన మందు అసలు పేరు తప్పకుండా ఉండాలి. స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చదవాలి.

ఇక కప్పుల సంగతి. సిస్టర్ గారూ, మీ తప్పు శుక్రవారం పొద్దున జరగలేదండీ, గురువారం రాత్రి కప్పుల్లో వేసినప్పుడే మొదలైంది. స్ట్రిప్‌లోంచి తీసిన మాత్ర మీద పేరు ఉండదు, ఎంజీ ఉండదు, గడువు తేదీ ఉండదు. నా షాపులో రోజుకు వందల మాత్రలు చూస్తాను. తెల్లగా, గుండ్రంగా, చిన్నగా ఉన్న మాత్రను చేతిలో పెట్టి ఇదేంటి అంటే నేను కూడా చెప్పలేను. ఎవరి డబ్బా వాళ్లకు ఉండాలి, స్ట్రిప్పులు స్ట్రిప్పుల్లాగే ఉండాలి, మనిషి ఎదుట చింపి చేతిలో పెట్టాలి.

తిరుచానూరు సిస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

అన్నా, ఒప్పుకుంటాను. కానీ 34 మందికి ఒక్కొక్కరి దగ్గర నిలబడి స్ట్రిప్ చింపితే మనిషికి మూడు నిమిషాలు. గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఎనిమిదికి టిఫిన్.

పాత స్టాఫ్‌నర్సు | మంగళవారం, రాత్రి 8:30

ఈ లెక్క నేనూ 30 మంది వార్డులో వేసుకున్నదే. అందరికీ ఎనిమిదింటికే ఇవ్వాలని ఎవరు చెప్పారు?

నిజంగా గడియారం చూసి ఇవ్వాల్సినవి కొన్నే. ఇన్సులిన్ తిండితో ముడిపడి ఉంటుంది. వణుకుడు జబ్బుకి వాడే లెవోడోపా అరగంట ఆలస్యమైతే మనిషి బిగుసుకుపోతాడు, చెంచా పట్టుకోలేడు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసి, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. మన హోమ్‌లలో ఐదున్నరకే కాఫీ ఇచ్చేస్తారు, ఆరున్నరకి థైరాయిడ్ మాత్ర వేస్తారు. ఆ తర్వాత ‘ఎంత డోసు పెంచినా థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ తగ్గడం లేదు’ అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. కాఫీ వెనక్కి జరపండి, లేదా ఆ మాత్ర ముందుకు జరపండి. కాల్షియం, ఐరన్ మాత్రలు దానికి నాలుగు గంటలు దూరంగా ఉండాలి, కాబట్టి వాటిని మధ్యాహ్నం భోజనానికి పంపేయొచ్చు.

మిగతా చాలావాటికి గంట అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. నెలకోసారి వచ్చే డాక్టర్‌ని కూర్చోబెట్టి ఒక్కొక్కరి చార్టు ముందు పెట్టి అడుగు: ఇది రాత్రికి మార్చవచ్చా? ఇది ఇంకా అవసరమా? మా వార్డులో ఒక తాతకి 14 రకాలుండేవి. ఎప్పుడో ఐదేళ్ల క్రితం దగ్గుకి రాసింది కూడా అలాగే నడుస్తోంది. చూసి చూసి ఎనిమిదికి తెచ్చారు. మనిషి కూడా తేరుకున్నాడు, మత్తు వదిలింది.

మందులిచ్చేటప్పుడు నిన్ను ఎవరూ పిలవకూడదు. ఫోన్ రాకూడదు, ‘సిస్టర్, బెడ్‌షీట్ ఎక్కడుంది’ అనకూడదు. ఎర్ర రిబ్బను చేతికి కట్టుకో. కట్టుకున్నంతసేపు మాట్లాడించవద్దని అందరికీ చెప్పు.

రేణిగుంట ఏఎన్‌ఎం | మంగళవారం, రాత్రి 9:12

నాది ఒక సందేహం. మా దగ్గర మింగలేనివాళ్లకి అన్ని మాత్రలూ కలిపి రోట్లో దంచి, పెరుగన్నంలో కలిపి పెడతాం. ముందు నుంచీ అదే అలవాటు. ఇది సరైనదేనా?

ఎండీ జనరల్ మెడిసిన్ | మంగళవారం, రాత్రి 11:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. చాలా మంచి ప్రశ్న అడిగారు.

మాత్ర పేరు చివర ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉంటే దంచకూడదు. అవి రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా చేసినవి. దంచితే మొత్తం ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది. బీపీకి వాడే నిఫెడిపిన్ రిటార్డ్ దంచి ఇస్తే బీపీ దబ్బున పడిపోతుంది. పాంటోప్రజోల్ లాంటి వాటికి పైన ఉండే పూత కడుపులోని ఆమ్లం నుంచి కాపాడటానికి, దంచితే మందు పేగుదాకా చేరదు. పెరుగు, పాలతో కలిపితే సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటిబయాటిక్స్ ఒంటికి సరిగా పట్టవు. చాలా మందులకు సిరప్ ఉంటుంది, లేదా దంచడానికి వీలైన వేరే మాత్ర ఉంటుంది. మమ్మల్ని అడగండి. అడిగితే విసుక్కునే డాక్టర్లుంటారు, తెలుసు. అయినా అడగండి.

ముక్కు గొట్టం ఉన్నవాళ్లకి ఒక్కో మందు విడివిడిగా, ముందూ తర్వాతా నీళ్లు పంపుతూ ఇవ్వాలి. అన్నీ కలిపి పోస్తే గొట్టం మూసుకుపోతుంది.

ఇంకో సంగతి. తెలివిగా ఉన్న పెద్దావిడ ‘నాకొద్దు’ అంటే అన్నంలో దాచి పెట్టడం తప్పు. ఆమెకు వద్దనే హక్కుంది. ఎందుకు వద్దంటుందో అడగండి. ఒకరికి మాత్ర వేసుకుంటే రాత్రంతా ఒంటేలుకి లేవాల్సి వస్తుంది, మరొకరికి నోరు చేదవుతుంది. టైము మారిస్తే సరిపోతుంది. మతిమరుపు జబ్బు బాగా ముదిరినవాళ్ల విషయం వేరు. అక్కడ డాక్టర్, కుటుంబం కలిసి నిర్ణయించి, రాసి పెట్టాలి. ఆయా సొంతంగా చేయకూడదు.

అలిపిరి అక్క | బుధవారం, ఉదయం 7:40

నేను నర్సును కాదు, మా అత్తగారు హోమ్‌లో ఉన్నారు. శనివారం ఒక్కపొద్దు ఉంటారు, ఎంత చెప్పినా మానరు. ఏకాదశికైతే తులసి తీర్థం తప్ప ఏమీ ముట్టరు. షుగర్ మాత్రలు మాత్రం యథావిధిగా వేస్తున్నారని నాకు భయం.

ఎండీ జనరల్ మెడిసిన్ | బుధవారం, ఉదయం 8:05

అమ్మా, మీ భయం నిజమే. తిండి లేకుండా గ్లిమెపిరైడ్ గానీ, ఇన్సులిన్ గానీ వెళితే షుగర్ పడిపోతుంది. ఆవిడ చేత ఒక్కపొద్దు మానిపించలేకపోతే, ఆ రోజు ఏది ఆపాలి, ఏది తగ్గించాలి అన్నది ముందే డాక్టర్ చేత చార్టులో రాయించండి. శుక్రవారం రాత్రే హోమ్‌లో అందరినీ ‘రేపు ఎవరెవరు ఒక్కపొద్దు’ అని అడిగి రాసుకోవాలి. తిరుపతిలో ఏ హోమ్‌కైనా ఇది తప్పదు. మీ అంతట మీరు ఇన్సులిన్ మొత్తం ఆపేయవద్దు, కొందరికి అదీ ప్రమాదమే.

మందుల షాపు, చిత్తూరు | బుధవారం, మధ్యాహ్నం 12:30

ఇన్సులిన్ మాట వచ్చింది కాబట్టి ఇది చదవండి, దయచేసి.

మన దగ్గర ఇన్సులిన్ సీసాలు (వయల్స్) ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా రెండు రకాలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. ఒక హోమ్‌లో పెన్ను పాడైందని, కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగి ఇచ్చారు. పది యూనిట్లు అనుకున్నారు. వెళ్లింది 25. ఆ పెద్దాయన బతికాడు, కానీ ఐసీయూ దాకా వెళ్లాడు. మూత రంగు చూడండి, వయల్ మీద అంకె చూడండి, ఇంకొకరికి చూపించి గట్టిగా చదవండి. చార్టులో యూనిట్లు అని పూర్తిగా రాయండి. ఇంగ్లిష్ ‘యు’ అక్షరం ఒక్కటే గీస్తే సున్నాలా కనిపిస్తుంది, 4 కాస్తా 40 అవుతుంది.

మే నెలలో మన ఎండలకు ఇన్సులిన్ కిటికీ పక్కన పెడితే పనికిరాదు. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాలి, ఐస్ గడ్డకట్టే చోట కాదు. కరెంటు పోయే ఊళ్లలో తడి మట్టికుండలో పెట్టడం కూడా మంచి పద్ధతే. తెరిచిన వయల్ మీద తెరిచిన తేదీ రాయండి, నాలుగు వారాలు దాటితే పారేయండి.

కీళ్లవాతానికి వారానికోసారి వేయాల్సిన మెథోట్రెక్సేట్ మీ హోమ్‌లో ఎవరికైనా ఉంటే, ఇవ్వకూడని ఆరు రోజుల గడులూ చార్టులో ఇప్పుడే కొట్టేయండి. దాన్ని రోజూ వేస్తే ప్రాణాలు పోతాయి.

రేణిగుంట ఏఎన్‌ఎం | బుధవారం, సాయంత్రం 6:45

డాక్టర్ గారూ, ధన్యవాదాలు. ఇవాళే స్ట్రిప్పులన్నీ చూశాను. మేం దంచుతున్నవాటిలో మూడు ఎస్‌ఆర్ ఉన్నాయి. ఫోన్ చేసి మార్పించాను.

మాకు జరిగిన ఇంకో విషయం. ఒక తాత చెయ్యి విరిగితే బంధువులు పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించుకొచ్చారు. దారిలో మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనిచ్చారు. ఆయన అవి దిండు కింద పెట్టుకుని వేసుకుంటున్నాడు. గుండె వాల్వు ఆపరేషన్ అయిన మనిషి, రక్తం పలచబడే ఎసిట్రోమ్ మీద ఉన్నాడు. వారానికి మలం నల్లగా తారులా వచ్చింది, అంటే కడుపులో రక్తం కారుతోందన్నమాట. అప్పుడు దిండు ఎత్తితే డైక్లోఫెనాక్. అప్పటి నుంచి బయటికి వెళ్లొచ్చిన వాళ్లందరినీ, చూడటానికి వచ్చినవాళ్లని కూడా, ‘ఏమైనా మందులు తెచ్చారా’ అని అడుగుతున్నాం. కషాయం, లేహ్యం కూడా అడుగుతున్నాం.

హోమ్ నడిపేవాడిని | బుధవారం, రాత్రి 9:30

రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. బెంగళూరు తమ్ముడు చెప్పింది మనసులో పడింది. నిన్న రాత్రి మా స్టోర్‌లోకి వెళ్లి డబ్బాలు తీశాను. ఆరుగురి డబ్బాల్లో పాత మందులు, కొత్త మందులు కలిసి ఉన్నాయి. ఇద్దరివి గడువు దాటినవి. చనిపోయిన ఒక పెద్దాయన మందులు వేరేవాళ్లకు వాడుతున్నారు. ఇది నా ఇంట్లో జరుగుతోంది, నాకు తెలియదు.

మేడమ్, చార్టు ఎలా ఉండాలో చెప్పండి. రేపే ప్రింటు తీయిస్తాను.

పాత స్టాఫ్‌నర్సు | బుధవారం, రాత్రి 10:20

సంతోషం నాయనా. మనిషికొక పేజీ. పైన ఫోటో అతికించండి, ఈ మధ్య తీసింది, పెళ్లినాటిది కాదు. పూర్తి పేరు, ఇంటిపేరు, వయసు, ఏ మందు పడదో ఎర్ర సిరాతో. ఒకేలాంటి పేర్లున్న పేజీలకు పసుపు అంచు. మందు అసలు పేరు, ఎంజీ, ఎలా, ఎప్పుడు, తిండికి ముందా తర్వాతా. సగం అయితే 0.5 అని రాయండి, ముందు సున్నా లేకపోతే చుక్క కనపడక 5 అవుతుంది.

సంతకం మింగిన తర్వాతే. ఇచ్చే ముందు సంతకాలన్నీ చేసేసి తిరిగే నర్సుల్ని చూశాను. కొందరు పెద్దవాళ్లు మాత్రను చెంపలో దాచుకుని తర్వాత ఉమ్మేస్తారు, నీళ్లు తాగించి ఒక్క నిమిషం ఆగాలి. ఇవ్వకపోతే గడి ఖాళీగా వదలొద్దు. వద్దన్నారు, ఒక్కపొద్దు, ఆసుపత్రిలో ఉన్నారు, ఏదో ఒకటి రాయాలి. ఖాళీ గడి చూసి తర్వాతి డ్యూటీ మనిషి మళ్లీ ఇస్తుంది, డబుల్ డోసు అక్కడే పడుతుంది.

పేరు పెట్టి ‘మీరు ఫలానా కదా’ అని అడగవద్దు. చెవుడున్న అవ్వ దేనికైనా ‘ఊ’ అంటుంది. ‘మీ పేరు చెప్పండి పెద్దమ్మా’ అనాలి. చెప్పలేకపోతే ఫోటో చూడాలి. ఫోన్లో డాక్టర్ డోసు చెబితే రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి, ‘ఒకటి, ఐదు’ అని విడివిడిగా చెప్పించుకోవాలి.

చివర్లో ఇంకో పుస్తకం పెట్టండి, తప్పులు రాసుకోవడానికి. తప్పు జరగబోయి ఆగినవి కూడా అందులో రాయాలి. రాసినవాళ్లను తిట్టనని మీరు మొదటి పేజీలో సంతకం చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల హాని తగ్గించాలని పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టింది. అంత పెద్ద సంస్థ కూడా మనుషులు తప్పులు చేస్తారన్న చోటి నుంచే మొదలుపెట్టింది.

మందుల షాపు, చిత్తూరు | బుధవారం, రాత్రి 10:48

మందు సరిగా ఇచ్చినా పడక దద్దుర్లు, వాపు లాంటివి వస్తే 1800-180-3024కి చెప్పవచ్చు. కేంద్రం వాళ్ల ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు గమనించే) కార్యక్రమం నంబరు, టోల్ ఫ్రీ. నర్సులు కూడా చెప్పవచ్చు, డాక్టరే చెప్పాలని లేదు.

తిరుచానూరు సిస్టర్ | ఆదివారం, సాయంత్రం 5:20

అందరికీ చెప్పాలని వచ్చాను. మంగళవారం పొద్దునే మేడమ్ చెప్పినట్టు రాశాను. రాసి, మా మేనేజర్ గారికి నేనే తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇక్కడ బెంగళూరు అన్న రాసింది ఫోన్లో చదివి వినిపించాను. గురువారం డాక్టర్ గారి ఎదుట వాళ్లమ్మాయిని కూర్చోబెట్టి ముగ్గురం చెప్పాం. ఆమె ముందు గట్టిగా అరిచింది, తర్వాత ఏడ్చింది. ‘మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నారు’ అని అడిగింది. చార్టు చూపించాను. వాళ్లమ్మ ఫోటో అప్పటికే అతికించి ఉంది. అమ్మను ఇక్కడే ఉంచుతానంది, కానీ నెలకోసారి చార్టు తనే చూస్తానంది. సరేనన్నాం.

కప్పులు తీసేశాం. థైరాయిడ్‌వాళ్లు ఎనిమిది మందికి ఐదింటికి ఇస్తున్నాను, కాఫీ ఆరింటికి మార్చాం. 11 మంది మాత్రలు డాక్టర్ గారు రాత్రికి మార్చారు, నలుగురికి కొన్ని ఆపేశారు. పొద్దున రౌండు ఇప్పుడు గంటా ఐదు నిమిషాలు పడుతోంది. నిన్న శనివారం తొమ్మిది మంది ఒక్కపొద్దు.

ఒక ఇబ్బంది మిగిలింది. రాత్రి డ్యూటీ ఆయాకి తమిళం చదవడమే వచ్చు. రాత్రి ఎవరికైనా నొప్పి అంటే, అవసరమైతే ఇవ్వమని రాసిన మాత్రలు ఆమే ఇస్తోంది.

పాత స్టాఫ్‌నర్సు | ఆదివారం, సాయంత్రం 6:02

ఆమె చేత ఇప్పించవద్దు తల్లీ. ఆ మాత్రలు తాళంలో పెట్టి, రాత్రి ఫోన్ చేయాల్సిన నర్సు నంబరు గోడ మీద తమిళంలో రాయించు. రాత్రికి ఇంకో నర్సు కావాలని మీ మేనేజర్‌ని అడుగు, తప్పులు రాసుకునే పుస్తకం చూపించే అడుగు.

హోమ్ నడిపేవాడిని | ఆదివారం, సాయంత్రం 6:40

సిస్టర్ గారూ, మీ చార్టు ఫోటో ఒకటి పేర్లు కనిపించకుండా ఇక్కడ పెట్టగలరా? మాది ప్రింటు వేయించాను గానీ గడులు చిన్నవైపోయాయి, సంతకం పట్టడం లేదు.

తిరుచానూరు సిస్టర్ | ఆదివారం, సాయంత్రం 6:44

రేపు డ్యూటీ దిగాక పెడతానన్నా. గడి వెడల్పు రెండు వేళ్లుండేలా వేయించండి, అడ్డంగా తిప్పి.